మొదటి ప్రయాణికురాలి సామాను

పా లియాన్,
1968 ఏప్రిల్ 2

ప్రియమైన ముజాన్,

నువ్వు ఎగిరిపోయి ఇరవై రోజులైంది. నీకు ఉత్తరం రాయకూడదని పంతం పట్టాను. కానీ ఊరంతా ఒకే కప్పు కింద ఉంటున్నా, నా కడుపుమంట వినే ఓపిక మన పొడుగింట్లో ఎవరికీ లేదు. ముప్పై పొయ్యిల వాళ్ళూ ఒక్కమాటే అంటున్నారు, "ఇంక చాల్లేవే" అని. అందుకని నువ్వే విను.

మన నాన్నలు, అన్నలు రెండేళ్ళు గుట్టలు చెక్కి, గేదెల చేత మట్టి తొక్కించి ఆ మైదానం చదును చేశారు. మొట్టమొదటి విమానం దిగితే ఊరంతా చూడ్డానికి వచ్చింది. నేను మాత్రం ఎక్కడానికి వచ్చాను. నర్సు చదువుకి మనిద్దరమూ పరీక్ష నెగ్గాం. విమానంలో ఉన్నది ఒకే సీటు, మిగతా చోటంతా సర్వేవాళ్ళ పెట్టెలు. బుట్టతో సహా ఎవరు తేలికైతే వాళ్ళే ఎక్కాలని ముందే రేడియోలో కబురు వచ్చింది. ముందురోజు మనం వడ్ల కాటా మీద తూచుకున్నాం కూడా. నువ్వు యాభై కిలోలు, నేను నలభై తొమ్మిదిన్నర. నువ్వు మూతి ముడుచుకున్నావు, నేను గంతులేశాను.

తెల్లారేసరికి నేను యాభై ఒకటిన్నర! కొండ మీద మబ్బు దిగుతోందని ఆ పైలట్ ఒకటే తొందర. "బుట్ట ఇక్కడే వదిలేస్తాను బాబూ" అని నేను అరుస్తూండగానే తలుపు వేసేశాడు. "పొద్దున్నే అంత అన్నం ఎందుకు మింగావే?" అని మా అమ్మ ఇప్పటికీ సాధిస్తోంది. రెండు కిలోల అన్నం మింగే నోరా నాది?

సాయంత్రం ఇంటికొచ్చి బుట్ట విప్పాను. తూచుకున్నాక దాన్ని మళ్ళీ సర్దిపెట్టింది నువ్వే కదా. ఎంత చక్కగా సర్దావో! అడుగు దాకా ఎక్కడా ఖాళీ లేదు.

నీ కొత్త తెల్ల గౌను మీద ఎవరైనా వాంతి చేసుకోవాలని మనసారా కోరుకుంటూ,
సుపాంగ్


మిరి,
1968 జూలై 14

నా సుపాంగ్‌కి,

నీ కోరిక మూడో రోజే తీరింది. వాంతి చేసుకున్నది ఒక ఓడ వంటవాడు. అంతకుముందు రొయ్యలు తిన్నాడు. తృప్తిగా ఉందా?

ఈ సముద్రం ఒడ్డు ఊళ్ళో ఎండకి నెత్తి మాడిపోతోంది. బూట్లు వేసుకుని నడవడం ఇంకా రాలేదు, కాళ్ళు పుళ్ళయ్యాయి. వీళ్ళ అన్నం గోనెసంచి వాసన. ఆకులో పొట్లం కట్టిన మన మెత్తటి అన్నం కలలోకి వస్తోంది. తోటి అమ్మాయిలు నన్ను "కొండ మీదమ్మాయి" అంటారు. పడుకునే గదిలో పన్నెండు మంచాలున్నాయి, అయినా పొగ వాసన లేకుండా నాకు నిద్ర పట్టదు.

నీకు నా మీద కుళ్ళుగా ఉందా? నాకూ నీ మీద అంతే ఉంది. మా అమ్మ పక్కన కూర్చుని ఉప్పు బుగ్గ నీళ్ళు కాచి ఉప్పు తీస్తున్నావట. అది నా చోటు. ఉప్పు దిమ్మల ఆకుపొట్లాలకి మా అమ్మ వేసే ఆ రెండు మెలికల ముడి కూడా నీకు నేర్పిందట. సొంత కూతుర్ని, నాకింకా రాదు.

బుట్ట సంగతి మాత్రం ఇక రాయకు. చదవగానే కళ్ళు మండుతున్నాయి. వచ్చే ఏడాది మళ్ళీ సీటు వస్తుంది. నీ దరఖాస్తు నేనే నింపి పంపిస్తాను.

నీ కోసం పక్క మంచం ఖాళీగా ఉంచమని అడిగిన,
ముజాన్


పా లియాన్,
1974 సెప్టెంబరు 9

నర్సమ్మగారి సముఖానికి,

నింపి పంపిస్తానన్న దరఖాస్తు ఆరేళ్ళయినా దారిలోనే ఉన్నట్టుంది. పాపం, కాలినడకన వస్తోందేమో. ఫరవాలేదులే, నాకు వయసు దాటిపోయిందని వాళ్ళే రాశారు.

కొత్త కబుర్లు చెబుతాను, కుళ్ళుకో. మన మైదానాన్ని మరో రెండువందల అడుగులు పొడిగించారు. ఇప్పుడు పందొమ్మిది సీట్ల విమానం మంగళవారం, శుక్రవారం దిగుతోంది. దానికి ఊళ్ళో ఒక మనిషి కావాలన్నారు. మనుషుల్ని, బుట్టల్ని తూచాలి, పట్టీ రాయాలి, మబ్బు ఎక్కడుందో రేడియోలో చెప్పాలి, విమానం దిగే ముందు గేదెల్ని తోలాలి. పదకొండు మంది మగాళ్ళు అడిగారు. పైనుంచి వచ్చినాయన ఒక ప్రశ్న వేశాడు, "బరువు ఎక్కువైతే ముందు ఎవర్ని దింపుతారు?" అని. ఒకడు ముసలాళ్ళన్నాడు, ఒకడు కోళ్ళన్నాడు. నేను మాత్రం, "ముందు బుట్టలు విప్పించి చూస్తాను" అన్నాను. ఉద్యోగం నాకే ఇచ్చారు.

గాలి ఎటు వీస్తోందో తెలియడానికి ఎగరేసే సంచి చిరిగిపోతే నా ఎర్ర పరికిణీ కుట్టి కట్టాను. "పైలట్ దిగుతున్నది ఊరు చూసి కాదే, నీ పరికిణీ చూసి" అని మా ఆయన గొడవ. ప్రతి బుట్టా అడుగు దాకా తవ్వుతానని జనం గొణుగుతున్నారు. మొన్న మీ పెదనాన్న, "ఏమ్మా, నా బుట్టలో దొంగేమైనా ఉన్నాడా?" అన్నాడు. "ఉండొచ్చు పెదనాన్నా, వాళ్ళు అడుగునే దాక్కుంటారు" అన్నాను.

ఇంకో సంగతి. బాబు పుట్టాడు. విందు చేశాం, రెండు పందులు కోశాం. మన పద్ధతి ప్రకారం మా ఇద్దరి పాత పేర్లూ తీసేసి పెద్ద పేర్లు పెట్టారు. ఇప్పుడు ఊళ్ళో నన్ను సుపాంగ్ అని ఎవరూ పిలవరు, అమ్మతో సహా. నువ్వు మాత్రం ఆ పేరుతోనే రాయి. అది ఇక నీ ఒక్కదాని దగ్గరే ఉంది, జాగ్రత్తగా పెట్టుకో.

నీ,
సుపాంగ్


మిరి,
1977 మార్చి 20

సుపాంగూ,

పెట్టుకోమన్న పేరు జాగ్రత్తగానే ఉంది. కానీ నువ్వు మాత్రం ఈ ఊళ్ళో నా ప్రాణం తోడేస్తున్నావు.

మనవాళ్ళు ఎవరు విమానం దిగి ఆస్పత్రికి వచ్చినా నీ మాటే. "కాటా దగ్గర అక్క ఇలా అంది", "కాటా దగ్గర అక్క ఆపకపోతే మబ్బులో పోయేవాళ్ళం." పురుడు పోసేది నేను, కట్లు కట్టేది నేను. పొగిడేది నిన్ను. నిన్న ఒక ముసలావిడ కుట్లు వేయించుకుంటూ కూడా, "ఏమైనా మా ఊళ్ళో ఆడదంటే అదే" అంది. సూది కాస్త గట్టిగానే గుచ్చాను, దేవుడు క్షమించాలి.

నీకు కొడుకు, పెద్ద పేరు. నాకు ముప్పై దగ్గర పడుతున్నా ఇంకా చిన్నపిల్ల పేరే. ఊరొస్తే నాకంటే పదేళ్ళు చిన్న పిల్ల తల్లులు కూడా "ఏమే ముజాన్" అంటారు. తెల్ల టోపీ పెట్టుకున్నా అక్కడ నేను పెరగలేదు సుపాంగ్. రాత్రి డ్యూటీలు చేసే నర్సుని పెళ్ళాడతానని ఇక్కడ ఎవడూ రాలేదు. వచ్చినవాడు నాకు నచ్చలేదు.

అవునూ, అందరి బుట్టలూ ఎందుకలా తవ్వుతావు? పందొమ్మిది మందివీ విప్పి మళ్ళీ సర్దాలంటే గంట పడుతుందట. చూసుకోవడానికి అందులో ఏముంటుంది?

నీ,
ముజాన్


మిరి,
1981 ఆగస్టు 25

సుపాంగ్,

ప్రియమైన అని రాయడానికి చేయి రావడం లేదు.

సోమవారం నాకు హెడ్ నర్సు ఇంటర్వ్యూ అని నీకు తెలుసు. సెలవుకి ఊరొచ్చి, తిరిగి వెళ్ళడానికి శుక్రవారం విమానానికి అందరికంటే ముందు వచ్చి నిలబడ్డానని తెలుసు. కాటా ఎక్కించావు, బుట్ట తవ్వావు, ముల్లు చూశావు. ఊరందరి ముందు, "రెండు కిలోలు ఎక్కువైంది, దిగు ముజాన్" అన్నావు. అనాసపళ్ళు తీసేస్తానన్నాను. "పట్టీ రాసేశాను" అన్నావు. నా కళ్ళముందే విమానం వెళ్ళిపోయింది.

ఆ పదవి నాకంటే మూడేళ్ళు చిన్నదానికి ఇచ్చారు. నేనింక దానికి చెప్పులు సర్దుతాను. ఇప్పుడు నీ కళ్ళు చల్లబడ్డాయా?

ముజాన్


పా లియాన్,
1981 సెప్టెంబరు 4

ముజాన్,

కాటా ముందు అందరూ ఒకటే.

సుపాంగ్


పా లియాన్,
1996 అక్టోబరు 11

ప్రియమైన ముజాన్,

పదిహేనేళ్ళు అయింది. ముందు రాసినదాన్ని నేనే కాబట్టి నేను ఓడిపోయాననుకో. మీ అమ్మ పోయినప్పుడు వచ్చావు. తిరిగి వెళ్ళేటప్పుడు కాటా ఎక్కి, నా మొహం చూడకుండా దిగావు. నలభై ఆరు కిలోలు. చిక్కిపోయావనుకుంటూ పట్టీలో రాసుకున్నాను.

పాత మైదానాన్ని గేదెలకు వదిలేశారు. అది వాన పడితే బురద, ఎండితే గోతులు. ఏటి అవతల మెట్ట మీద కొత్త రన్‌వే తారు పోసి కట్టారు, చెప్పులు విడిచి నడవాలనిపించేంత నున్నగా ఉంది. గాజు తలుపుల భవనం, కుర్చీలు, కంపెనీ నుంచి వచ్చిన నారింజ రంగు గాలి సంచి. నా పరికిణీకి పెన్షన్ వచ్చింది. కొత్త కాటాకి ముల్లు లేదు, ఎర్రటి అంకెలు వెలుగుతాయి. దాని దగ్గర కూర్చునే అమ్మాయి బుట్టలు విప్పదు. నేను ఈ డిసెంబరుతో దిగిపోతాను.

ఇంతకీ రాయడానికి కారణం ఇది కాదు. మొన్న భవనం తెరిచారు. మన విమానాశ్రయం చరిత్ర అని కుర్రాళ్ళ కమిటీ ఒక గోడంతా ఫోటోలు పెట్టింది. మధ్యలో, అన్నిటికంటే పెద్దది ఎవరిదో తెలుసా? నీదే! తెల్ల టోపీ, ఇరవై ఏళ్ళ మొహం. కింద, "పా లియాన్ మొదటి ప్రయాణికురాలు, మొదటి నర్సు" అని బంగారు అక్షరాలు.

నేనెక్కడ ఉన్నానని వెతికాను. 1979 ఫోటోలో ఒక గేదె వెనక నా మోచెయ్యి ఉంది.

ఇరవై రెండేళ్ళు వానలో, ఎండలో ఆ కాటా దగ్గర నిలబడ్డది నేను. నువ్వు ఒక్కరోజు ఎక్కి వెళ్ళిపోయావు. గోడ మీద నువ్వు! నీ ఫోటో కిందే నా పాత కాటా తెచ్చి పెట్టారు. జనం దాని మీద సంచులు పెట్టుకుని టీ తాగుతున్నారు. అది చూసి ఇంటికి వచ్చి, ఈ వయసులో, పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను. కుళ్ళుతోనే ఏడ్చాను. వేరే పేరు పెట్టి చెప్పడం నాకు చేతకాదు.

ఆ సీటు నాది ముజాన్.

సుపాంగ్


మిరి,
1996 అక్టోబరు 29

నా సుపాంగ్‌కి,

నీ ఉత్తరం చివరి మాట దగ్గర ఆగిపోయాను. అవును, ఆ సీటు నీదే.

ఇరవై ఎనిమిదేళ్ళుగా రాయాలనుకుని రాయలేనిది రాస్తున్నాను. ముందురోజు తూచుకున్నాక అరకిలోతో నువ్వు గెలిచావు. చదువులో నువ్వే ముందు, ఇంగ్లీషు నీకే వచ్చు, మా అమ్మ కూడా "సుపాంగ్‌లా ఉండవే" అనేది. ఆ ఒక్కటైనా నాకు దక్కాలనిపించింది. నీ బుట్ట మళ్ళీ సర్దుతానని తీసుకుని, మా అటక మీదనుంచి రెండు ఉప్పు దిమ్మలు తెచ్చి అడుగున పెట్టాను. పైన నీ బట్టలు మడతపెట్టాను. కాటా ముల్లు కదిలినప్పుడు నేను నేల చూశాను.

విమానం పైకి లేచాక అందులో వాంతి చేసుకున్నది నేనే. దరఖాస్తు నింపాను, పంపలేదు. నువ్వు వచ్చి పక్క మంచం మీద పడుకుంటే నీ మొహం ఎలా చూసేదాన్ని?

1981లో నువ్వు రెండు కిలోలు అన్నావు. ఒకటి కాదు, మూడు కాదు. రెండు. అప్పుడే నాకు అర్థమైంది, ఎలాగో నీకు తెలిసిపోయిందని. భయం వేసింది. ఆ భయంతోనే అంత కోపంగా రాశాను.

నా ఫోటో తీయించెయ్యి. కమిటీకి ఏం చెప్పమన్నా చెబుతాను, నా చేత్తో రాసి పంపమన్నా పంపుతాను. వచ్చే నెల నేనూ రిటైరవుతున్నాను. ఊరు రావాలని ఉంది. నువ్వు వద్దంటే రాను.

నీ,
ముజాన్


పా లియాన్,
1996 నవంబరు 12

ప్రియమైన ముజాన్,

నీ ఉత్తరం నీ ఫోటో కింద నిలబడే చదివాను. ఒకసారి అందులో నీ మొహం చూడటం, ఒకసారి కాగితం చూడటం.

ఎంత పిచ్చిదానివే! 1981లో తెలిసిందనుకున్నావా? విమానం వెళ్ళిన సాయంత్రమే తెలుసు. బుట్ట విప్పగానే అడుగున రెండు పొట్లాలు, వాటికి మీ అమ్మ వేసే రెండు మెలికల ముడి. ఈ లోయలో ఏ ఇంటి ముడి ఏదో కళ్ళు మూసుకుని తడిమి చెప్పగలం. నా మొదటి ఉత్తరం దాచుకుని ఉంటే తీసి చదువు. అడుగు దాకా ఎక్కడా ఖాళీ లేదని రాశాను. ఒప్పుకుంటావేమోనని మూడు నెలలు ఎదురుచూశాను. నువ్వు వంటవాడి వాంతి గురించి రాశావు. ఆ ముడి నేర్చుకోవడానికే మీ అమ్మ పక్కన కూర్చున్నాను. తనే పొరపాటున కట్టి ఇచ్చిందేమోనని అడిగాను కూడా. "నేనెందుకిస్తాను తల్లీ, రెండు దిమ్మలు పోయాయి, ఎలుకలు ఈడ్చుకుపోయాయనుకున్నా" అంది. నేనూ "ఎలుకలే అయ్యుంటాయి" అన్నాను.

ఎందుకు చెప్పలేదంటే, మీ నాన్న తల ఎత్తుకోలేడని, ఆస్పత్రివాళ్ళు ఇద్దరినీ వద్దంటారని. ఇంతటితో ఆపితే నేను దేవతనైపోతాను. నిజం ఇంకోటి ఉంది. నీ తప్పు నా గుప్పిట్లో ఉండటం నాకు బాగుండేది. నీకు జీతం పెరిగిందని విన్నప్పుడల్లా, నీ టోపీ ఫోటో మీ అమ్మ ఊరంతా తిప్పినప్పుడల్లా, మా పొయ్యి మీది అటక వైపు చూసేదాన్ని. ఆ రెండు పొట్లాలూ అక్కడే ఉన్నాయి. ఉప్పు లేక పక్కింటికి పరిగెత్తిన రోజున కూడా వాటిని ముట్టుకోలేదు.

ఇప్పుడు నాది విను. 1981లో ముల్లు సరిగ్గా గీత మీదే ఉంది. ఒక్క చెంచాడు కూడా ఎక్కువ లేదు. నేనే రెండు కిలోలన్నాను. నా కాటా జీవితంలో చేసిన దొంగ తూకం అదొక్కటే. నీ పదవి పోగొట్టింది నేను. రెండు వారాల తర్వాత, కాటా ముందు అందరూ ఒకటే అని రాశాను చూడు, అది రాసేటప్పుడు నాకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే పదిహేనేళ్ళు కలం పట్టలేదు.

దీనికీ దానికీ చెల్లు అని మాత్రం నేననను. నువ్వు తీసుకున్నది పెద్దది. నీ మీద కుళ్ళు నాకు చచ్చేదాకా పోదు, పోగొట్టుకోవాలని కూడా లేదు. అలవాటైపోయింది.

ఫోటో తీయించమన్నావు. తీయించను. నిన్న అటక మీద నుంచి ఆ పొట్లాలు దింపి తీసుకెళ్ళాను. నీ ఫోటో కింద నా పాత కాటా మీద పేరుకున్న సంచులన్నీ కిందకి తోసి, వాటిని మధ్యలో పెట్టాను. పొగకి నల్లగా మాడిపోయాయి, ముడులు మాత్రం చెక్కుచెదరలేదు. ఇప్పుడు రెండు కిలోలు లేవు, ఎండి ఒకటీ ముప్పావుకి దిగాయి. కమిటీ పెద్ద పరిగెత్తుకొచ్చి, "ఇదేంటి పిన్నీ?" అన్నాడు.

"మొదటి ప్రయాణికురాలి సామాను. పొరపాటున ఇక్కడే ఉండిపోయింది" అన్నాను.

వాడు మురిసిపోయి గాజుపెట్టె చేయిస్తానన్నాడు. అదే మాట బంగారు అక్షరాలతో రాయిస్తాడట. నువ్వు ఎప్పుడు విమానం దిగినా ముందు దాని పక్కనుంచే నడిచి రావాలి. ఊళ్ళో అది ఏమిటో తెలిసినవాళ్ళు మనిద్దరమే.

నాకు మనవరాలు పుట్టింది. డిసెంబరు పద్నాలుగున విందు, నా పేరు మళ్ళీ మారుతుంది. ఇక నిన్నెవరూ "ఏమే ముజాన్" అనకుండా పెద్ద పేరు ఒకటి నీకూ ఎంచి ఉంచాను, మా వాళ్ళందరూ ఒప్పుకున్నారు. ఏమిటో చెప్పను, వస్తే తెలుస్తుంది.

విందుకి ముందురోజు, శుక్రవారం విమానానికి రా. నువ్వెప్పుడైనా తిరిగి వెళ్తే మాత్రం నీ బుట్ట అడుగు దాకా తవ్వుతాను. నేను గేటు దగ్గర ఉంటాను. మెట్లు దిగగానే నా పాత పేరు పెట్టి గట్టిగా పిలువు, ఆ చప్పుడులో వినపడాలి. నన్ను ఆ పేరుతో ఎవరూ పిలవక పదిహేనేళ్ళయింది.

నీ,
సుపాంగ్